కాళ్ళున్న పాము, కాళ్ళు లేని బల్లి

నలికిరికి నాలుగు కాళ్ళుంటాయి, ఆడే కనురెప్పలుంటాయి, తల పక్కన చెవి రంధ్రాలుంటాయి. పాముకు ఈ మూడూ ఉండవు. అయినా తెలుగులో దాని రెండో పేరు నలికండ్లపాము. నున్నగా మెరిసే ఒళ్ళు, పొట్టి కాళ్ళు, గడ్డిలో మెలికలు తిరుగుతూ జారిపోయే తీరు కంటికి ముందుగా తగులుతాయి కాబట్టి పేరు వాటినే పట్టుకుంది. పేరుతో పాటు భయమూ వచ్చింది. దానికి విషం ఉందని నమ్మేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. లోకంలోని ఏ నలికిరికీ విషం లేదు.

ఆ పేరు వెనక పాత తాత్విక ప్రశ్న ఒకటి దాగి ఉంది. ఒక జీవి ఫలానా జాతిది అని తేల్చేది దాని ఆకారమా, పుట్టుకా, లేక చూసేవాడి మాటా? జాతి అనేది లోకంలో నిజంగా ఉందా, మనసు కల్పించుకున్నదా? న్యాయ, వైశేషిక, మీమాంసకులు ఒకవైపు, బౌద్ధులు మరొకవైపు నిలబడి దీని మీద వెయ్యేళ్ళకు తక్కువ కాకుండా వాదించుకున్నారు. ఆ గ్రంథాల్లో ఉదాహరణ దాదాపు ఎప్పుడూ ఆవే. ఆవును చూసి ఇది ఆవేనా అని ఎవరూ తటపటాయించరు కాబట్టి గోత్వం మీద వాదన సాఫీగా సాగిపోయింది. నలికిరిని ముందు పెట్టుకుని ఉంటే రెండు పక్షాలూ ఇంకొంచెం ఇరుకున పడేవి.

నలికిరుల కుటుంబం చాలా పెద్దది. ప్రపంచంలో 1,700కి పైగా జాతులున్నాయి. భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ 2020లో ప్రచురించిన గ్రంథం మన దేశంలో 62 జాతులను లెక్కించింది. ఇళ్ళ దొడ్లలోనూ చేలగట్ల మీదా ఎండ కాచుకుంటూ కనిపించేది యూట్రోపిస్ కారినేటా. దాని పొలుసుల మీద సన్నని గీట్లుంటాయి. కంచు రంగు ఒంటితో రాలిన ఆకుల్లో తిరిగేది యూట్రోపిస్ మాక్యులేరియా. పడమటి కనుమల తడి అడవుల్లో రిస్టెల్లా ప్రజాతి నలికిరులున్నాయి. పిల్లిలాగా గోళ్ళు లోపలికి ముడుచుకోగలవు. సహారా ఇసుకలో స్కింకస్ ఈదినట్టే కదులుతుంది. సాలమన్ దీవుల్లో చెట్ల మీద ఆకులు తిని బతికే కోరూసియా ఈ కుటుంబంలో అన్నిటికన్నా పొడవైనది. ఆసియా, పసిఫిక్ తీరాల మడ అడవుల్లో, అలలు తాకే రాళ్ళ మీద ఎమోయియా అట్రోకోస్టేటా వేటాడుతుంది. ఇన్ని చోట్ల, ఇన్ని రూపాల్లో ఉన్న వీటిని ఒక్క కుటుంబం అనడానికి ఆధారాలు పైపైన కనబడవు. చాలావాటికి పొలుసుల అడుగున చిన్న చిన్న ఎముక పలకలు గొలుసు కవచంలా అమరి ఉంటాయి. పుర్రె నిర్మాణం ఒక తీరులో ఉంటుంది. వీటికి డీఎన్‌ఏ సాక్ష్యం తోడైంది.

జాతిని గురించి న్యాయమతం చెప్పేది సూటిగా ఉంటుంది. అది ఒకటే, నిత్యం, అనేక వ్యక్తులలో సమవాయం అనే విడదీయరాని సంబంధంతో ఉంటుంది. తెలుగునాట తర్కం మొదలుపెట్టే విద్యార్థి చేతికి ముందుగా వచ్చే తర్కసంగ్రహం దీన్ని సామాన్యం అనే పేరుతో ఏడు పదార్థాలలో ఒకటిగా చెబుతుంది. దాన్ని 17వ శతాబ్దంలో రాసిన అన్నంభట్టు తెలుగువాడే. వ్యక్తి, ఆకృతి, జాతి అనే మూడింటినీ గౌతముడి న్యాయసూత్రాలు వేరువేరుగా పట్టుకున్నాయి. ఎదురుగా ఉన్న ఈ ఒక్క ప్రాణి వ్యక్తి. దాని అవయవాల అమరిక ఆకృతి. ఆ అమరిక ద్వారా తెలిసేది జాతి. ఆకృతి గుర్తు మాత్రమే, జాతి దానికంటే వేరు. ఈ తేడా ఎంత అవసరమో ఆవు దగ్గర తెలియదు. కాళ్ళు పోగొట్టుకున్న నలికిరుల దగ్గర తెలుస్తుంది.

ఒడిశాలోని చిలికా సరస్సులో బర్కుడా అనే చిన్న దీవి ఉంది. అక్కడి చెట్ల వేళ్ళ చుట్టూ ఉన్న ఇసుక మట్టిలో దొరికిన ఒక జీవిని 1917లో జంతుశాస్త్రవేత్త నెల్సన్ అన్నండేల్ వర్ణించాడు. చేతివేలంత లావు, పొడుగాటి ఒళ్ళు, చిన్న కళ్ళు, కాళ్ళు అసలే లేవు. దీవి పేరుతో దానికి బర్కూడియా ఇన్సులారిస్ అని పేరు పెట్టారు. అది నలికిరి. దాని దాయాది బర్కూడియా మెలనోస్టిక్టా విశాఖపట్నం ప్రాంతానిది. ఈస్టిండియా కంపెనీ కాలంలో కోరమాండల్ తీరపు పాముల మీద పెద్ద గ్రంథం వెలువరించిన పాట్రిక్ రస్సెల్ పేరుతోనే ఆంగ్లంలో దానికి వాడుక పేరు వచ్చింది. 1801లో జర్మన్ పండితుడు ష్నైడర్ దానికి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు ఆంగ్విస్ అనే ప్రజాతిలో చేర్చాడు. అంతకు ముందు 1758లో లిన్నేయస్ ఆ ప్రజాతిని పాముల వరుసలో ఉంచాడు. యూరప్ పండితుడు చేసింది తెలుగు రైతు చేసిన పనే. ఇద్దరూ ఆకృతిని చూసి జాతిని చెప్పేశారు.

ఆస్ట్రేలియాలో లెరిస్టా అనే ఒకే ప్రజాతిలో 90కి పైగా జాతులున్నాయి. కొన్నిటికి నాలుగు కాళ్ళు, కాలికి ఐదేసి వేళ్ళు. కొన్నిటికి మూడు వేళ్ళు, కొన్నిటికి రెండు. కొన్నిటికి ముందుకాళ్ళు పోయి వెనక కాళ్ళ మొనలు మాత్రం మిగిలాయి. ఇంకొన్నిటికి అవీ లేవు. ఐదు వేళ్ళ నుంచి సున్న దాకా మెట్లన్నీ ఇప్పటికీ బతికే ఉన్నాయి. ఏ మెట్టు దగ్గర బల్లి ఆగి పాము మొదలవుతుంది అని అడిగితే సమాధానం లేదు. ఒక్కో గింజ తీస్తూ పోతే కుప్ప ఎప్పుడు కుప్ప కాకుండా పోతుందన్న చిక్కు ఇది. దీనికి కొందరు చెప్పే జవాబు, హద్దు లేదు కాబట్టి జాతులే లేవని. అది తొందరపాటు. హద్దు దొరకనిది కాళ్ళకు, నలికిరికి కాదు. ఐదు వేళ్ళ లెరిస్టా ఎంత నలికిరో కాళ్ళు లేని లెరిస్టా కూడా అంతే నలికిరి.

ఈ మాటకు బలమైన తార్కిక ఆధారం నైయాయికుడు ఉదయనాచార్యుడి దగ్గర దొరుకుతుంది. కనబడిన ప్రతి సమాన ధర్మమూ జాతి కాదని చెప్పి, కిరణావళిలో ఆయన ఆరు జాతిబాధకాలను లెక్కించాడు. వాటిలో ఒకటి సంకరం. రెండు ధర్మాలు కొన్నిచోట్ల కలిసి ఉండి, మరికొన్నిచోట్ల ఒకదాన్ని విడిచి ఒకటి ఉంటే ఆ రెండూ జాతులు కాలేవు. ప్రసిద్ధమైన ఉదాహరణ భూతత్వం (పంచభూతాల్లో ఒకటి కావడం), మూర్తత్వం (పరిమితమైన పరిమాణం ఉండడం). ఆకాశం భూతమే గానీ మూర్తం కాదు. మనస్సు మూర్తమే గానీ భూతం కాదు. పృథివి రెండూ. ఇప్పుడు నలికిరితనాన్ని, కాళ్ళు లేకపోవడాన్ని పక్కపక్కన పెట్టి చూడాలి. యూట్రోపిస్ నలికిరి, దానికి కాళ్ళున్నాయి. నాగుపాముకు కాళ్ళు లేవు, అది నలికిరి కాదు. బర్కూడియా నలికిరి, దానికి కాళ్ళూ లేవు. సంకరం స్పష్టం. రెండింటిలో ఒకదాన్ని వదులుకోక తప్పదు. వదులుకోవలసింది కాళ్ళు లేకపోవడాన్నే. ఎందుకంటే అది వానపాము దాకా, నేలలో బతికే సిసీలియన్ ఉభయచరాల దాకా పాకిపోతుంది. న్యాయ పరిభాషలో చెప్పాలంటే అది ఉపాధి, అంటే అనేకచోట్ల కనిపించినా జాతి కాని ధర్మం. తర్వాతి నవ్యనైయాయికుల్లో కొందరు సంకరాన్ని దోషంగా ఒప్పుకోలేదు. జీవుల వర్గీకరణ మటుకు ఉదయనుడి పక్షానే ఉంది. జాతి ప్రజాతిలో, ప్రజాతి కుటుంబంలో పూర్తిగా ఇమిడి ఉండాలే తప్ప ఒకదాన్నొకటి కోసుకుంటూ పోకూడదన్నదే అక్కడా నియమం.

ఆ ఉపాధి ఎక్కడి నుంచి వచ్చింది? నేల నుంచి. వదులు మట్టిలో, ఇసుకలో తోసుకుంటూ పోయే ప్రాణికి పక్కకు పొడుచుకొచ్చిన కాళ్ళు అడ్డం. ఒళ్ళు సాగుతుంది, వెన్నుపూసలు పెరుగుతాయి, కాళ్ళు కురచవుతాయి, వేళ్ళు ఒక్కొక్కటే రాలిపోతాయి. కొన్ని జాతుల్లో చెవి రంధ్రం మూసుకుంటుంది. కింది కనురెప్పలో పారదర్శకమైన కిటికీ ఏర్పడి, కన్ను మూసుకునే చూడగలుగుతుంది. లెరిస్టా ఒక్కదానిలోనే ఈ మార్పు అనేకసార్లు విడివిడిగా జరిగిందని డీఎన్‌ఏ వంశవృక్షం చూపించింది. ఆఫ్రికాలో వేరే నలికిరులు, మధ్యధరా తీరంలో వేరేవి, మన తూర్పు తీరంలో బర్కూడియా, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా అదే ఒంటికి వచ్చి చేరాయి. ఒకే రకపు నేల ఒకే అచ్చు పోస్తుంది. ఆకృతి నేలది, జాతి వంశానిది. ఈ రెండింటినీ కలగలపడం వల్లనే నలికిరి పాము అయింది.

న్యూగినీలో ఇంతకంటే విడ్డూరం జరిగింది. అక్కడి కొన్ని నలికిరుల నెత్తురు ఆకుపచ్చగా ఉంటుంది. బిలివర్డిన్ అనే పైత్యవర్ణకం వాటి రక్తంలో పేరుకుని ఉంటుంది. మనిషికి అంత మోతాదైతే ప్రాణం దక్కదు. పచ్చని నెత్తురు అంత అరుదైన లక్షణం కాబట్టి అలాంటి వాటన్నిటినీ ప్రసినోహీమా అనే ఒక ప్రజాతిగా కట్టారు. 2018లో వచ్చిన పరిశోధన ఆ నెత్తురు నాలుగుసార్లు విడివిడిగా పుట్టి ఉంటుందని తేల్చింది. ఆకారం పైపైది, రక్తం లోపలిది కాబట్టి రక్తం మోసం చెయ్యదని అనుకోవడం సహజం. అది కూడా ఉపాధిగానే తేలింది.

పుట్టుకను పట్టుకుంటే? ఉపనిషత్తులు ఆ దారే పట్టాయి. ఐతరేయోపనిషత్తు ప్రాణులను అండజాలు (గుడ్డు నుంచి పుట్టేవి), జరాయుజాలు (మాయతో పుట్టేవి), స్వేదజాలు (చెమట నుంచి పుట్టేవి), ఉద్భిజ్జాలు (నేలను చీల్చుకుని మొలిచేవి) అని నాలుగుగా చెబుతుంది. ఛాందోగ్యం మూడుగానే చెబుతుంది. మనుస్మృతి మొదటి అధ్యాయం పక్షులను, పాములను, మొసళ్ళను, చేపలను, తాబేళ్ళను గుడ్డు నుంచి పుట్టేవాటిలో చేర్చింది. రక్తపింజరి గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. ఆ ఒక్క పామే ఈ విభజనను కదిలిస్తుంది. నలికిరి కుటుంబం దాన్ని మొదలంటా కదిలిస్తుంది. మన దొడ్లలోని యూట్రోపిస్ కారినేటా గుడ్లు పెడుతుంది. ఈశాన్య భారతంలోనూ ఆగ్నేయాసియాలోనూ ఉండే యూట్రోపిస్ మల్టీఫేషియేటా పిల్లల్ని కంటుంది. ఒకే ప్రజాతి, రెండు రకాల పుట్టుక. దక్షిణ అమెరికాలోని మబూయా నలికిరుల గుడ్డు దాదాపు ఒక మిల్లీమీటరు ఉంటుంది, దానిలో పచ్చసొన లేనట్టే లెక్క. గర్భంలోని పిల్లకు ఆహారం దాదాపు అంతా తల్లి నుంచి మాయ ద్వారా అందుతుంది. బల్లి కుటుంబంలో పుట్టి అది అసలుసిసలు జరాయుజమైంది.

తూర్పు ఆస్ట్రేలియాలో సైఫాస్ ఈక్వాలిస్ అనే నలికిరి ఉంది. దాని కాలికి మూడేసి చిన్న వేళ్ళు. సిడ్నీ దగ్గరి తీరప్రాంతంలో అది గుడ్లు పెడుతుంది. చలి ఎక్కువగా ఉండే ఎత్తైన కొండల్లో పిల్లల్ని కంటుంది. ఇక్కడ జాతి కూడా ఒక్కటే, నివాసం మారితే పుట్టుక మారింది. 2019లో ప్రకటించిన ఒక పరిశీలన ఇంకా ముందుకు పోయింది. ఒక ఆడ నలికిరి మూడు గుడ్లు పెట్టి, కొన్ని వారాల తర్వాత అదే కాన్పులో బతికిన పిల్లను కన్నది. అండజం, జరాయుజం ఒకే తల్లి కడుపున తోబుట్టువులయ్యాయి. ఉపనిషత్తు పొరబడిందని దీన్ని చెప్పుకోవడం అన్యాయం. ఆ విభజన జంతువుల పట్టిక కోసం చేసింది కాదు. ప్రాణం ఏ ద్వారం నుంచి లోకంలోకి వచ్చినా అందులో ఉన్నది ఒకటే అని చెప్పడం ఐతరేయం ఉద్దేశం. ఆ ఉద్దేశానికి సైఫాస్ ఎదురు రాదు, ఊతమే ఇస్తుంది. దాన్నే శాస్త్రీయ వర్గీకరణగా చదివేవాళ్ళకు మాత్రం చిక్కు తప్పదు.

బౌద్ధుల పక్షం ఇక్కడ బలంగా వినిపిస్తుంది. దిఙ్నాగుడు, ఆయన తర్వాత ధర్మకీర్తి, జాతి అనే పదార్థమే లేదన్నారు. ఆవు అన్న మాటకు అర్థం గోత్వం కాదు, ఆవు కానివాటిని తోసిపుచ్చడం. దీన్నే అపోహవాదం అంటారు. మీమాంసకుడు కుమారిలభట్టు దీన్ని తీవ్రంగా ఖండించాడు. ఆవు కానిది ఏదో తెలియాలంటే ఆవు ముందే తెలిసి ఉండాలి కదా అన్నది ఆయన ప్రశ్న. గోవు విషయంలో కుమారిలుడిదే పైచేయి అనిపిస్తుంది. బల్లి విషయంలో అపోహవాదమే అక్షరాలా నిజం. ఇంటి గోడ మీది బల్లి, తొండ, ఉడుము, నలికిరి అన్నీ బల్లులే అంటుంది వాడుక. కానీ వంశవృక్షంలో పాములు ఈ గుంపు మధ్యలో నుంచే పుట్టాయి. తొండలు, ఉడుములు పాములకు దగ్గరి చుట్టాలు, నలికిరికి దూరపు చుట్టాలు. తొండకు నలికిరి కంటే నాగుపామే దగ్గర. అలాంటప్పుడు బల్లి అన్న మాటకు మిగిలే అర్థం ఒకటే: పొలుసులున్న ఈ సరీసృపాల్లో పాము కానిది. అది పూర్తిగా అపోహ. దానికి అనుగుణమైన జాతి లోకంలో లేదు. నలికండ్లపాము అన్న పల్లె పేరు ఎంత తప్పో, నలికిరిని తొండతో కలిపి బల్లి అనే చదువుకున్న పేరు కూడా దాదాపు అంతే తప్పు.

నాగార్జునుడు ఇంకో అడుగు వేశాడు. ఏది ఇతరాల మీద ఆధారపడి పుడుతుందో దానికి స్వభావం ఉండదన్నది మాధ్యమిక సిద్ధాంతం. కృష్ణా లోయలోని నాగార్జునకొండకు ఆ పేరు ఆయనను తలచుకునే సంప్రదాయం వల్లనే వచ్చింది. ఆ ప్రాంతం నుంచి ఆర్. సి. శర్మ 1969లో ఒక కొత్త నలికిరిని వర్ణించాడు. దాని పేరు ఇప్పుడు యూట్రోపిస్ నాగార్జునెన్సిస్. రాతి గుట్టల్లో తిరిగే చిన్న జీవి. స్వభావమే లేదన్న ఆచార్యుడి పేరు, స్వభావాన్ని పొలుసుల లెక్కతో సహా నమోదు చేసే జాతివర్ణనకు తగులుకోవడం యాదృచ్ఛికమే అయినా ముచ్చటైన యాదృచ్ఛికం. ఆ పేరు చరిత్ర కూడా మాధ్యమికుడికి నచ్చేదే. శర్మ దాన్ని మబూయా ప్రజాతిలో చేర్చాడు. 2002లో మబూయాను నాలుగు ముక్కలు చేసి, ఆసియా జాతులను యూట్రోపిస్ కిందికి మార్చారు. గుట్టల్లోని నలికిరికి ఏ మార్పూ జరగలేదు. దాని ప్రజాతి మాత్రం మారిపోయింది.

దీన్నిబట్టి ప్రజాతులు వట్టి నామమాత్రాలే అని తేల్చవచ్చా? అంత దూరం పోనక్కరలేదు. 2002లో మారింది పేరు. మారడానికి కారణం మటుకు పేరు కాదు, ఆఫ్రికా, ఆసియా, దక్షిణ అమెరికా నలికిరులు వేరువేరు వంశధారలని తెలియడం. తప్పు దిద్దుకోవలసి వచ్చిందంటే తప్పు కావడానికి వీలైన విషయం బయట ఒకటి ఉన్నట్టే. బౌద్ధుల మాటనే వాడుకుంటే, జాతి అనేది ఒక సంతానం, దీపం నుంచి దీపం అంటుకుంటూ పోయే ధార. దానికి మారని సారం లేదన్న మాటలో బౌద్ధులది నిజం. మన మాటతో పనిలేకుండా అది ఉందన్న మాటలో నైయాయికులది నిజం. నైయాయికుల పక్షంలో నిలబడనిది ఒక్కటే, నిత్యత్వం.

వ్యక్తులన్నీ నశించినా జాతి నశించదన్నది న్యాయమతం. హిందూ మహాసముద్రంలో ఆస్ట్రేలియా పాలనలో ఉన్న క్రిస్మస్ దీవి అడవుల్లో ఎమోయియా నేటివిటాటిస్ అనే నలికిరి ఒకప్పుడు విరివిగా ఉండేది. కొద్ది దశాబ్దాల్లో కనుమరుగైంది. బోనులో పెట్టి కాపాడుతున్న చివరి ఆడ నలికిరి 2014 మే 31న చనిపోయింది. దానికి గంప్ అని ముద్దుపేరు. ఆ రోజు పోయింది ఒక వ్యక్తి మాత్రమేనా? ఆశ్రయించే వ్యక్తి ఒక్కటీ లేకుండా ఆ జాతి కాలంలో ఎక్కడో నిలిచి ఉందనడం సిద్ధాంతానికి అవసరమే గానీ, దాని వల్ల తెలిసేది ఏమీ లేదు. ధార ఆగిపోయిందనడమే సరైన మాట. అదే దీవిలోని నీలితోక నలికిరులను కొన్నిటిని ముందే పట్టి పెంచడం వల్ల వాటి ధార ఆగలేదు. వాటిని 2019లో కోకోస్ దీవుల్లో విడిచిపెట్టారు.

లేదు అని చెప్పడానికీ ప్రమాణం కావాలి. అభావాన్ని ఏడో పదార్థంగా ఒప్పుకున్న తార్కికులు దానికి కఠినమైన షరతు పెట్టారు. కనబడకపోవడం ఒక్కటే చాలదు, ఉంటే కనబడి తీరవలసిన పరిస్థితిలో కనబడకపోవాలి. దీన్ని యోగ్యానుపలబ్ధి అంటారు. చీకటి గదిలో కుండ కనబడలేదు కాబట్టి కుండ లేదనకూడదు. మట్టిలో బతికే నలికిరి విషయంలో ప్రతి గదీ చీకటి గదే. తూర్పు కనుమల్లో విశాఖపట్నం వైపు కొండల నుంచి వచ్చిన ఒక నలికిరికి 1870లో ప్రకృతి పరిశోధకుడు బెడ్డోమ్ సెప్సోఫిస్ పంక్టేటస్ అని పేరు పెట్టాడు. గ్రీకులో ఒఫిస్ అంటే పాము. ఆయనా ఆ మాట దగ్గరికే వచ్చాడు. తర్వాత శతాబ్దానికి పైగా అది ఎవరికీ కనబడలేదు. అదే కొండల వరుసలో అది బతికే ఉందని, దాని ఒడ్డూపొడుగూ నివాసమూ వర్ణిస్తూ 2013లో శాస్త్రపత్రం వెలువడింది.